రాసి పెట్టుండ్రి

అబిడ్స్‌లో నేను పనిచేసే కళ్లద్దాల దుకాణం చాలా ఏళ్లు నోటిమాట మీదే నడిచింది. పొద్దున షట్టర్ ఎత్తగానే యజమాని పెద్ద సార్ లోపలి మెట్ల దగ్గర నిలబడి ఆ రోజు జరగాల్సిన పనులు చెప్పేవారు. ఆయన చెప్పింది మేనేజరన్న పట్టుకుని కౌంటర్ వాళ్లకు విడమర్చేవాడు. కౌంటర్ వాళ్లు మా హిమాయత్‌నగర్, చాదర్‌ఘాట్ దుకాణాలకు ఫోన్ చేసేవారు. నాంపల్లి సందులో మాకొక వర్క్‌షాపు ఉంది. లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది అక్కడే. అక్కడికి మాట చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. సాయంత్రం ఏదైనా తేడా వస్తే ఎవరు ఏం చెప్పారన్నది తేలేది కాదు. అయినా పని నడిచిపోయేది, మా ఊళ్లో చాలా దుకాణాలు నడిచినట్టే.

ఆ మాటల్లో నాకు అందేవి తక్కువ. నా ఎడమ చెవికి ఏమీ వినపడదు. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటే చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయింది వినికిడి. మెదక్‌లో మిషనరీ బడిలో టీచరుగా చేసే మా అమ్మ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని, వెలుతురు తన ముఖం మీద పడేలా తిరిగి, పెదవులు చదవడం నేర్పింది. అది తెలుగులో అంత తేలిక కాదు. పాట, బాట, మాట అన్న మూడు మాటలూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి. ముందువెనకల మాటలను బట్టి ఊహించుకోవాలి. చర్చిలో అందరూ పాడుతుంటే నేను పాటల పుస్తకంలో వేలు పెట్టుకుని పక్కవాళ్ల పెదవులతో కలిసి కదిలేదాన్ని. అలాంటి పిల్ల డిగ్రీ చేసి, సికింద్రాబాద్‌లో గది తీసుకుని, అబిడ్స్‌లో ఉద్యోగానికి వచ్చింది.

నా పని ఆర్డర్ల బల్ల. డాక్టర్ చీటీలో ఉన్న పవర్ నంబర్లు, కస్టమర్ ఎంచుకున్న ఫ్రేము, ఎప్పటికి కావాలన్నది, ఇవన్నీ కంప్యూటర్లో ఎక్కించి వర్క్‌షాపుకు పంపాలి. ఆ పనికి చెవులు అక్కర్లేదు. కానీ దుకాణంలో బతకడానికి కావాలి.

పెద్ద సార్ మాట్లాడేటప్పుడు నేను మొదటి మెట్టు పక్కన నిలబడేదాన్ని. ఆయనకు గుబురు మీసాలు. పైగా మాట్లాడుతూ మాట్లాడుతూ రోడ్డు వైపు తిరుగుతారు. దాంతో సగం వాక్యం నాకు, సగం రోడ్డుకు. అయిపోయాక కౌంటర్లో పనిచేసే ఒకామెను అడిగేదాన్ని, అక్కా అని పిలుస్తాను. నాకంటే కొంచెం పెద్దది, మంచి మనిషి.

"ఏమన్నరక్కా సార్?"

"ఏం లేదు తియ్. రోజు చెప్పేదే."

అంతసేపు మాట్లాడినదాంట్లో ఏమీ లేకుండా ఎలా ఉంటుంది? ఆమెకు విసుగు కాదు, తీరిక లేదు. ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నా బల్లను చెరోవైపు పట్టుకుని ఎత్తారు. బిత్తరపోయి లేచి నిలబడ్డాను. ఆర్డర్ల బల్ల మెట్ల కిందికి మారుతుందని పొద్దున్నే సార్ చెప్పారట. దుకాణమంతటికీ తెలుసు, ఆ బల్ల ముందు కూర్చునే నాకు తప్ప.

కరోనా తర్వాత దుకాణం తెరిచిన రోజు లోపలికి అడుగు పెట్టగానే నా కాళ్లు ఆగిపోయాయి. అందరి ముఖాలకూ మాస్కులు. సార్‌కు, అక్కకు, మేనేజరన్నకు, కస్టమర్లకు, ఎవరికీ నోరు లేదు. కళ్లు మాత్రం కదులుతున్నాయి. మాస్కు తీయమని అడిగితే మనుషులు రెండడుగులు వెనక్కి జరిగేవారు. జరగరా మరి, ఆ రోజులు అలాంటివి. కొన్నాళ్లు చేతులతో, సైగలతో నెట్టుకొచ్చాను. తప్పులు రావడం మొదలైంది. కస్టమర్ పేరు ఒకటైతే నేను ఇంకొకటి ఎక్కించాను. ఆమె అరిచిందని ఆమె నుదుటి ముడతలు చూసి తెలుసుకున్నాను.

ఇంటికి వెళ్లి అమ్మకు మెసేజ్ పెట్టాను, ఈ పని నాతో అయ్యేలా లేదని. అమ్మ జవాబు ఒక్క వాక్యం: "నీతో కాదా, వాళ్లు చేసే పద్ధతితో కాదా, ఫస్ట్ అది చూస్కో బిడ్డా."

మర్నాడు పెద్ద సార్ క్యాబిన్‌కు వెళ్లి ఒక కాగితం ఆయన ముందు పెట్టాను. "సార్, మాస్కుల వల్ల నాకు ఎవరి మాటా తెలియడం లేదు. పని మానను. నాకు చెప్పేది రాసి చెప్పే దారి ఏదైనా పెట్టండి" అని రాశాను. ఆయన రెండుసార్లు చదివారు. మాస్కు మీద చెయ్యి పెట్టి, తీయబోయి, ఆగి, ఫోన్ తీసి కూతురికి కలిపారు.

ఆయన కూతురు అంతకుముందు ఏదో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేసేది. అప్పుడు ఇంట్లోంచే దుకాణం వ్యవహారం చూడటం మొదలుపెట్టింది. ఇంట్లో కూర్చుని మూడు దుకాణాలు, ఒక వర్క్‌షాపు నడపాలంటే ఆమెకూ మా అరుపులు వినపడవు కదా! నా అవసరం, ఆమె అవసరం ఒకటే అయ్యాయి. ఆ వారంలోనే అందరి ఫోన్లలోకీ ఒక యాప్ వచ్చింది. ఒక్కో దుకాణానికి ఒక గ్రూపు, వర్క్‌షాపుకు ఒకటి, అందరికీ కలిపి ఇంకొకటి. పొద్దుటి మాటలు ఇకనుంచి అందులో రాస్తారు. ఎవరు ఏ పని తీసుకున్నారు, ఎంతవరకు వచ్చింది, అన్నీ అందులోనే.

మొదటి రోజు పొద్దున బస్సులో ఉండగా ఫోన్ చేతిలో అదిరింది. పెద్ద సార్ రాసింది పైనుంచి కిందిదాకా చదివాను. మళ్లీ చదివాను. అన్నేళ్లలో ఆయన మాట నాకు మొత్తంగా దొరకడం అదే మొదటిసారి. ఆయన ప్రతి పనికీ ముందు "దయచేసి" అంటారని నాకు అంతవరకు తెలియదు. చివర్లో ఒక చిన్న జోకు కూడా ఉంది, మాస్కులు పెట్టుకుంటే అద్దాల మీద ఆవిరి పడుతోందని కస్టమర్లు మనల్నే తిడుతున్నారని. బస్సులో ఒక్కదాన్నే నవ్వాను. అందరూ నవ్వుతుంటే చూసి నవ్వడం వేరు, నవ్వొచ్చి నవ్వడం వేరు.

ఆ వారమే నేనూ రాశాను. ఒక్కో ఆర్డరు ఫ్రేమును ఒక్కో ట్రేలో పెట్టి పంపుతాం. హిమాయత్‌నగర్ ట్రేలు ఒక ఆటోలో, చాదర్‌ఘాట్ ట్రేలు ఇంకో ఆటోలో వేర్వేరు వేళల్లో వర్క్‌షాపుకు వెళ్లేవి. ముందురోజు సాయంత్రమే అన్నీ అబిడ్స్‌లో పోగుచేస్తే పొద్దున్నే ఒక్కసారిగా పని మొదలుపెట్టొచ్చు కదా అని. ఇది నా తలలో ఎన్నాళ్లుగానో ఉన్న ఆలోచన. కానీ నలుగురు మాట్లాడుకునే చోట ఎప్పుడు ఎవరు ఆగుతారో, ఏ సందులో నా మాట పెట్టాలో నాకు తెలిసేది కాదు. నోరు తెరిచేసరికి విషయం ఎక్కడికో వెళ్లిపోయేది. రాతలో ఆ బాధ లేదు. నా మాట అక్కడే కదలకుండా నిలబడి ఉంటుంది. ఎవరి వీలును బట్టి వాళ్లు చదువుకుంటారు.

కాసేపటికి సార్ జవాబు వచ్చింది: "మంచి ఆలోచన. రేపటి నుంచి అలాగే చేద్దాం. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

దానికి ఒక దండం బొమ్మ పెట్టాను.

ఇలా మారింది నా ఒక్కదానికే కాదు. వర్క్‌షాపులో ఒక పెద్దాయన ఏనాడూ అబిడ్స్ మీటింగుకు వచ్చిన మనిషి కాదు. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తూ, ఫలానా కంపెనీ లెన్సులు అంచుల్లో పగులుతున్నాయని ఫొటోలతో సహా పెట్టాడు. ముందు ఏ లెన్సు కొనాలన్నది సార్ క్యాబిన్‌లో తేలేది. ఇప్పుడు దాన్ని చేత్తో పట్టుకునేవాళ్లు మాట్లాడటం మొదలుపెట్టారు. సార్‌కు అది కొత్తగానే ఉంది. కూతురికి మాత్రం చాలా నచ్చింది.

నచ్చనిది మేనేజరన్నకు.

అతని గురించి చెప్పాలి. నల్లగొండ వైపు పల్లె నుంచి కుర్రవాడిగా వచ్చి ఆ దుకాణంలోనే తల నెరిసిన మనిషి. కస్టమర్‌ను కూర్చోబెట్టి, ఫ్రేమును రెండు వేళ్లతో ముక్కు మీద నిలబెట్టి, "జర ఇటు చూడుండ్రి" అన్నాడంటే ఆ మనిషి ఇంకో దుకాణానికి పోడు. సార్ మాటను అందరికీ చేర్చేది అతనే. ఎవరికి ఎంత చెప్పాలో, ఏది ఆపాలో అతనికి తెలుసు. యాప్ వచ్చాక సార్ మాట అందరికీ ఒకేసారి చేరుతోంది. మధ్యలో మనిషి అక్కర్లేదు. అతను అన్నీ చదివేవాడు, చదివినట్టు గుర్తు పడేది. కానీ ఒక్క అక్షరం రాసేవాడు కాదు.

మాస్కులు పోయాయి. జనం పాత రోజులను గబగబా మర్చిపోయారు. ఒకరోజు మేనేజరన్న గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. మర్నాడు ఇంకోటి. అది చూసి అక్క, ఆమెను చూసి హిమాయత్‌నగర్ వాళ్లు. రాయడం కంటే చెప్పడం సులువు కదా! కొన్నాళ్లకు గ్రూపు తెరిస్తే రాతలు లేవు, వరసగా చిన్నచిన్న అలల గీతలు. అందరికీ అవి మాటలు. నాకు మూసిన తలుపులు. మళ్లీ ఫోన్ పట్టుకుని అక్క దగ్గరకు పోవడం, మళ్లీ ఆమె ఒక చెవి దగ్గర పెట్టుకుని విని "ఏం లేదు తియ్" అనడం.

నేను ఊరుకోదలచుకోలేదు. ఒకసారి మొత్తం వాక్యం చేతికి వచ్చాక మళ్లీ సగంతో సర్దుకోవడం నావల్ల కాలేదు. అందరి గ్రూపులో రాశాను: "వాయిస్ మెసేజ్‌లు నాకు వినపడవు. ఆర్డర్లు చూసే మనిషికి తెలియకపోతే ఆర్డర్లు తప్పుతాయి. దయచేసి రాసి పెట్టండి." పంపే ముందు చాలాసేపు ఆ వాక్యాలను చూస్తూ కూర్చున్నాను. బతిమాలినట్టు ఉండకూడదు, కొట్లాడినట్టూ ఉండకూడదు. పంపేశాను.

సార్ కూతురు, మా మేడం, వెంటనే సరే అంది. వాయిస్ మెసేజ్‌లు వద్దని అందరికీ రాసింది. నేను గెలిచాననుకున్నాను.

కానీ అబిడ్స్ గ్రూపు చప్పబడిపోయింది. మేనేజరన్న అసలు గ్రూపు జోలికి రావడం మానేసి, పాత రోజుల్లోలాగా ఫోన్లు చేసి చెప్పడం మొదలుపెట్టాడు. నా వైపు చూడటం కూడా మానేశాడు. ఒకరోజు ఒక కస్టమర్ తన ఇంట్లో పెళ్లి ముందుకు జరిగిందని, అద్దాలు తొందరగా కావాలని చెప్పి వెళ్లాడు. మేనేజరన్న వర్క్‌షాపుకు ఫోన్ చేసి చెప్పాడు. ఎత్తిన మనిషి మిషన్ల చప్పుడులో సగం విన్నాడు. నాకు తెలియనే తెలియదు. పెళ్లికొడుకు తండ్రైన ఆ కస్టమర్ వచ్చి నిలబడితే అద్దాలు లేవు. దుకాణమంతా చూస్తుండగా ఆయన మేనేజరన్నను చెడామడా తిట్టాడు. మేనేజరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చూసి నాకు సంతోషం కలగలేదు. నా ముఖం మీద కొట్టినట్టు అనిపించింది.

ఆ సాయంత్రం అతను రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చాడు. స్టూలు లాక్కుని, ట్యూబులైటు వెలుగు తన ముఖం మీద పడేలా తిప్పుకుని కూర్చున్నాడు. అప్పుడు నాకు తట్టింది. ఆ దుకాణంలో నాతో మాట్లాడేటప్పుడు వెలుతురు వైపు తిరిగే మనిషి మొదటినుంచీ అతనొక్కడే. ఎవరూ చెప్పకుండానే కనిపెట్టుకున్నాడు. నేనే గమనించలేదు.

"నీకు చెవుల్లేవు బిడ్డా," అన్నాడు మెల్లగా, ఒక్కో మాట విడివిడిగా. "నాకు రాత లేదు."

నేను సరిగ్గా చదివానో లేదో అని "ఏందన్నా?" అన్నాను.

"నాలుగో తరగతిల బడి ఇడిశిన. అంకెలొస్తయ్. చదువుడు ఎట్లనో కూడబలుక్కొని చదువుత. రాసుడంటే శెమట్లు వడ్తయ్. రెండు లైన్లు రాయనీకి చాయ్ చల్లారిపోతది. గ్రూపుల అంతమంది సూస్తరు. ఒత్తు గిట్ల తప్పు వెడితే పోరగాండ్లు నవ్వరా?"

"నవ్వితే నవ్వనియ్ అన్నా. నేను అడ్డదిడ్డం మాట్లాడ్తే నవ్వలేదా వీళ్లు?"

"గందుకే నాకు తెలుసు ఎట్లుంటదో."

కాసేపు ఇద్దరం చాయ్ తాగాం. నా బాధ తీరే పద్ధతి అతనికి బాధ అయింది. అతనికి వీలైన పద్ధతి నాకు గోడ అయింది. మేడం పెట్టిన రూలు మా ఇద్దరిలో ఒకరి వైపే చూసింది. రూలు మార్చమని అడగాలా? అడిగితే మళ్లీ నేను సగం మాటలతో మెట్టు పక్కన నిలబడాలి. అది మాత్రం జరగనివ్వనని గట్టిగా అనుకున్నాను. కానీ అతను కూడా ఓడిపోకూడదు.

అతని ఫోన్ అడిగి తీసుకున్నాను. కీబోర్డు మీద మైకు బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కి మాట్లాడితే ఫోన్ తానే రాస్తుంది. నేను ఎన్నడూ వాడింది కాదు, నా మాట దానికి అర్థం కాదు. అతనికి చూపించి మాట్లాడమన్నాను. అతను ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "గా నల్ల ఫ్రేము జల్ది పంపుండ్రి" అన్నాడు.

తెర మీద పడింది: "గాన నల్ల ప్రేమ జలధి పంపండి."

నేను పైకి చదివాను. అతను ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, స్టూలు మీద ముందుకు వంగిపోయి నవ్వాడు. కౌంటర్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది ఏమైందని.

"ఏం నవ్వుతున్నరు?"

"నల్ల ప్రేమ," అన్నాను నేను. ఆమెకు అర్థం కాలేదు. చదివి చూపించాక ఆమె కూడా మొదలుపెట్టింది.

"దీన్ని గిట్లనే పంపన్నా," అన్నాను. "కింద నేను సరిచేసి పెడ్త. రోజూ పంపు. మెల్లగ అదే నేర్చుకుంటది."

"గిట్లనే? ఇజ్జత్ పోదా?"

"పొద్దున ఆ పెద్దమనిషి తిట్టినప్పుడు పోయినదానికంటే ఎక్కువ పోదు."

ఆ మాట కొంచెం కటువుగా వచ్చింది. కానీ అతను తలూపాడు, నా ముందే పంపాడు. వర్క్‌షాపు నుంచి నవ్వుల బొమ్మలు వరస కట్టాయి. అతను మళ్లీ మైకు నొక్కి, "నవ్వుతె నవ్వుండ్రి, ఫ్రేము పంపుండ్రి" అన్నాడు. పోయింది మాత్రం "నవ్వితే నవ్వండి, ప్రేమ పంపండి." దాంతో ఆ రోజు గ్రూపులో పని జరగలేదు. ఫ్రేము మాత్రం వచ్చింది.

మేడంతో ఇద్దరం కలిసే మాట్లాడాం. ఎవరైనా గొంతుతో చెప్పుకోవచ్చు, కానీ దాని కింద రాత ఉండాలి. ఆ రాత ఎలా పుట్టినా పరవాలేదు, తప్పులున్నా పరవాలేదు. తప్పులను ఎవరూ ఎత్తిచూపకూడదు, అర్థం కాకపోతే అడగాలి. ఇది మా దుకాణం రూలు అయింది. దాన్ని అందరిచేత పాటింపజేసింది ఎవరంటే మేనేజరన్నే. ఎవరైనా బద్ధకించి ఉత్త వాయిస్ పెడితే కింద అతని మాట పడేది: "రాసి పెట్టుండ్రి." ఆ రెండు మాటలూ ఫోన్‌కు తప్పు లేకుండా వచ్చేశాయి అప్పటికి.

వర్క్‌షాపు మొత్తాన్ని నడిపే ఇన్‌చార్జి సొంతంగా దుకాణం పెట్టుకుంటానని వెళ్లిపోయాడు. ఇదివరకైతే పెద్ద సార్ ఎవరి భుజమో తట్టి "నువ్వు చూస్కో" అనేవారు. ఈసారి మేడం అందరి గ్రూపులో అడిగింది, ఆ పని ఎవరికి ఇష్టమో రాయమని. నేను మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా రాశాను. ఏం మారుస్తానో, దేన్ని అలాగే ఉంచుతానో, ఎందుకో.

కింద ఒకరు అడిగారు: "ఫోన్ వస్తే ఎవరెత్తుతారు?"

గుచ్చుకుంది. కాదనను. కానీ ఆ ప్రశ్న ముందు రోజుల్లో కూడా ఉండేది. నా వెనకాలో, నా ముందే వీపు తిప్పో అడిగేవారు. జవాబు చెప్పే అవకాశం నాకు వచ్చేది కాదు. ఇప్పుడు వచ్చింది. "అద్దాలు తయారుచేసే చోటుకు ఫోన్ రావాల్సిన అవసరం ఏముందో ముందు చూద్దాం. రాసి వస్తే ఇద్దరికీ గుర్తుంటుంది. తప్పనిసరైతే పక్కవాళ్లు ఎత్తి నాకు చెప్తారు" అని రాశాను.

సార్ క్యాబిన్‌కు పిలిచారు. ఈసారి నా వైపు తిరిగే కూర్చున్నారు.

"అక్కడ మిషన్ల చప్పుడు చానా ఉంటదమ్మా. నీకు కష్టమైతది."

"సార్, ఆ చప్పుడులో ఎవరికీ ఏం వినపడదు. అలవాటు ఉన్నది నా ఒక్కదానికే."

ఆయన మీసాల కింద నవ్వు కదిలింది. కొన్నాళ్లు చూద్దామన్నారు.

నేను అక్కడికి మారిన ఆ కొన్నాళ్లలోనే ఒకరోజు నాంపల్లి రోడ్డు తవ్వుతూ ఎవరో కేబుల్ తెంచేశారు. నెట్ పోయింది, ఫోన్లలో సిగ్నల్ కూడా పోయింది. వర్క్‌షాపులో అందరూ ఫోన్లు పైకెత్తి కిటికీల దగ్గర తిరుగుతున్నారు. అసలు ఈ రోజు ఏ ట్రే ముందో, ఏది ఎవరిదో తెలియక చేతులు ఆగిపోయాయి. యాప్‌కు మేమంతా అంత అలవాటు పడిపోయామన్నమాట! వాళ్లు నన్ను చూస్తున్నారు, ఇక ఈమె ఏం చేస్తుందని. నేను ట్రేలన్నీ బల్ల మీద పేర్పించి, ముందురోజు గ్రూపులో చదివింది గుర్తున్నంతవరకు చిన్న కాగితాల మీద రాసి, ఒక్కోదానికీ రబ్బరు బ్యాండుతో చుట్టించాను. తొందరవి ఎర్ర పెన్నుతో. మిషన్లు ఆన్ చేయించాను.

మధ్యాహ్నం మేనేజరన్న అబిడ్స్ నుంచి నడుచుకుంటూ వచ్చాడు, చంకలో ట్రేలతో. లోపల హోరు. గుమ్మం దగ్గరే ఆగి, గొంతు వాడకుండా, పెదవులు మాత్రం కదిపాడు. ఈ మూడూ సాయంత్రానికి కావాలి, ఆ నాలుగోది రేపైనా ఫికర్ లేదు అని. నేను గది ఈ చివరి నుంచి తలూపి, నీలం ఫ్రేములో కుడి లెన్సు మార్చాలా అని అదేలాగా అడిగాను. ఔ అన్నాడు. మధ్యలో మిషన్ల ముందు కూర్చున్నవాళ్లు అతని ముఖం, నా ముఖం మార్చిమార్చి చూశారు. మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో వాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. సాయంత్రం అన్ని ట్రేలూ వెళ్లాయి. ఆ తర్వాత "కొన్నాళ్లు చూద్దాం" అన్న మాట మళ్లీ ఎవరూ అనలేదు.

ఈ యాప్ వల్ల అంతా మేలే అనను. ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో జేబులో ఫోన్ అదురుతుంది. వినపడని మనిషికి అదురు ఇంకా పెద్దగా తెలుస్తుంది. ఆదివారం గ్రూపులు మూసి ఉంచాలని అడిగి అడిగి సాధించుకున్నాను. ఇంకో చిక్కు, ఎవరి పని ఎక్కడ ఆగిందో అందరికీ కనిపిస్తుంది. మొన్నీమధ్య వర్క్‌షాపులో ఒకతని ట్రేలు రోజూ మధ్యాహ్నం తర్వాత ఆగిపోతున్నాయి. మేడం అందరి గ్రూపులో రాసింది, ఎందుకు ఆలస్యమవుతోంది అని, అతని పేరు పెట్టి. అతను అది చదివి ఫోన్ పక్కన పెట్టాడు. తల వంచుకుని లెన్సు అరగదీస్తున్నాడు.

రాత కోసం అంత కొట్లాడిన నేనే మేడంకు విడిగా మెసేజ్ పెట్టాను: "ఇది అక్కడ అడిగేది కాదు మేడం. నేను మాట్లాడతాను. దాన్ని తీసేయండి." ఆమెకు ఇలా చెప్పడం అదే మొదలు. కొంచెం సేపటికి ఆ మాట గ్రూపులోంచి పోయింది.

అతన్ని మొజంజాహీ మార్కెట్ వైపు చాయ్‌కు తీసుకెళ్లాను. వెలుతురున్న చోట నిలబెట్టి అడిగాను. అతను మొదట నేలకు చెప్పాడు. నాకు తెలియదు కదా, తల ఎత్తమన్నాను.

"మా అమ్మ దవాఖానల ఉన్నదక్కా. మధ్యాహ్నం అన్నం తీస్కవోయి తినవెట్టి వస్త. బస్సు దొర్కకపోతే లేటైతది."

"చెప్పొద్దా మరి?"

"అందరు సూసే కాడ ఎట్ల రాయాలె?"

పొద్దున నువ్వు తొందరగా వస్తే మధ్యాహ్నం ఎప్పుడు పోయినా నాకు అభ్యంతరం లేదన్నాను. తాళం నా దగ్గరే ఉంది. తొందరగా తెరుస్తాను. అతను నా నోటి వైపు చూశాడు, తను విన్నది నిజమేనా అన్నట్టు. తర్వాత చాయ్ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు.

మర్నాడు సందులో దుకాణాలేవీ తెరవకముందే వెళ్లాను. అతను నాకంటే ముందే వచ్చి షట్టర్ పక్కన నిలబడి ఉన్నాడు, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఇద్దరం కలిసి షట్టర్ ఎత్తాం. అతను డబ్బాను కిటికీలో పెట్టి, చేతులు కడుక్కుని, మొదటి ట్రే ముందుకు లాక్కున్నాడు.